పుష్‌రాడ్ ఏది వేయాలి: తీగా, వెదురు పుల్లా, బాల్సా కర్రా, కార్బన్ గొట్టమా?

ఆర్సీ విమానం, అంటే రేడియోతో నడిపే చిన్న విమానం కట్టేవాళ్లు మోటారు గురించి, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్సీ గురించి, బ్యాటరీకి ఎన్ని సెల్స్ ఉండాలన్న దాని గురించి వారాల తరబడి వాదించుకుంటారు. సర్వోని (రేడియో చెప్పినట్టు తన ఆర్మ్‌ని, అంటే చేతిని తిప్పే చిన్న మోటారుని) ఎలివేటర్‌కి (విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలకకి) కలిపే పుష్‌రాడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతికందిన తీగ ముక్క చివర వంచి, తగిలించి, అయిపోయిందనిపిస్తారు. చెన్నైలో కాలేజీ పోటీల కోసం విమానాలు కట్టే మన తెలుగు పిల్లలు నన్ను అడిగేది కూడా ఒకటే: "అన్నా, ఎన్ని ఎంఎం తీగ వాడాలి?" తీగే వాడాలని ముందే తేల్చేసుకుని అడిగే ప్రశ్న అది. రాడ్ పొడవెంత, దాన్ని తోస్తున్నామా లాగుతున్నామా, మధ్యలో దానికి ఆధారం ఉందా లేదా, ఈ మూడూ ముందు తెలియాలి. ఇవి తెలిస్తే ఏ సరుకు వాడాలన్నది చాలావరకు తేలిపోయినట్టే.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా మాట ముందే చెప్పేస్తాను. రెక్కల కొలత మీటరు లోపు ఉన్న ఫోమ్ విమానానికి ప్లాస్టిక్ గొట్టంలో నడిచే 1 లేదా 1.2 మి.మీ. స్టీల్ తీగ చాలు. మీటరున్నర దాకా ఉండే బాల్సా ట్రైనర్‌కి (బాల్సా అనే తేలికపాటి చెక్కతో కట్టిన, నేర్చుకునేవాళ్ల విమానానికి) కార్బన్ ఫైబర్ గొట్టం గానీ బాల్సా కర్ర గానీ వేయండి. ఐలెరాన్లకి (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలకలకి) సర్వోని రెక్కలోనే పెట్టి పొట్టి తీగ వేయండి. పెద్ద విమానం రడ్డర్‌కి (తోకలో నిలువుగా ఉండే పలకకి) రెండు వైపులా కేబుల్ మంచిది. నైలాన్ గొట్టంలో నైలాన్ గొట్టం నడిచే రకాన్ని ఇంజిన్ థ్రాటిల్‌కి, ముందు చక్రం తిప్పడానికి వాడుకోండి. మన ఊరి ఎండలో ఎలివేటర్‌కి మాత్రం వద్దు.

ఇక కారణాలు.

వేళ్లతో చేసే పరీక్ష

ప్రొపెల్లర్ విప్పేసి రేడియో, విమానం రెండూ ఆన్ చేయండి. ఎలివేటర్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య కదలకుండా పట్టుకోండి. ఇంకో చేత్తో స్టిక్‌ని మెల్లగా మీ వైపు లాగండి. సర్వో కుయ్యిమంటుంది. ఇప్పుడు ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) లోపలికి తొంగి చూడండి. మంచి రాడ్ అయితే సర్వో ఆర్మ్ అక్కడే ఆగిపోతుంది, మీ వేళ్ల మీద బలం తెలుస్తుంది. చెడ్డదైతే ఆర్మ్ హాయిగా తన చోటికి తిరిగిపోతుంది, రాడ్ మధ్యలో విల్లులా వంగిపోతుంది, ఎలివేటర్ మాత్రం మీ వేళ్ల మధ్య ఉన్నచోటే ఉంటుంది. నేల మీద చేతిలో పట్టుకుని స్టిక్ ఆడించినప్పుడు అన్నీ చక్కగా కదిలాయి కదా అంటారు. నేల మీద ఎలివేటర్‌కి అడ్డొచ్చేది ఏమీ లేదు కాబట్టి కదిలాయి. గాలిలో వేగం రెట్టింపైతే అదే కోణానికి దాని మీద పడే బలం నాలుగు రెట్లవుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రాడ్ తగిలించే కొమ్ములాంటి కంట్రోల్ హార్న్ ఎలివేటర్ కింది వైపు ఉంటే, "అప్" ఇచ్చినప్పుడు రాడ్ తోస్తుంది. హార్న్ పై వైపు ఉంటే "అప్" ఇచ్చినప్పుడు లాగుతుంది. డైవ్‌లో ఉన్న విమానాన్ని లేపేటప్పుడే ఎలివేటర్ మీద ఎక్కువ బలం కావాలి. లాగితే ఎంత సన్న తీగైనా వంగదు, తోస్తేనే వంగుతుంది. అందుకే రాడ్ సన్నగా ఉండక తప్పని చిన్న విమానాల్లో హార్న్‌ని పై వైపు పెట్టేస్తే పైసా ఖర్చు లేకుండా సగం సమస్య తీరిపోతుంది. చూడ్డానికి అంత బాగుండదు, నిజమే. పైకి హార్న్ మారిస్తే రేడియోలో ఆ చానల్‌ని రివర్స్ చేయడం మర్చిపోవద్దు.

పొడవు పెరిగితే ఏమవుతుంది

తోపుడు కింద సన్నటి కడ్డీ ఎప్పుడు వంగుతుందో చెప్పే సూత్రం 18వ శతాబ్దంలో ఆయిలర్ ఇచ్చాడు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు పరీక్షలో రాసి మర్చిపోయి ఉంటారు. మనకి కావాల్సింది రెండే ముక్కలు: పొడవు రెట్టింపైతే మోయగల తోపుడు నాలుగో వంతుకి పడిపోతుంది, వ్యాసం రెట్టింపైతే పదహారు రెట్లు పెరుగుతుంది.

అంకెల్లో చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. మధ్యలో ఆధారం లేని 30 సెం.మీ. పొడవు 1 మి.మీ. స్టీల్ తీగ సుమారు 110 గ్రాముల తోపుడికే వంగుతుంది. 1.5 మి.మీ. అయితే 550 గ్రాముల దాకా, 2 మి.మీ. అయితే కిలో ముప్పావు దాకా ఓర్చుకుంటుంది. అవే తీగలు 60 సెం.మీ. పొడవుంటే వరసగా 27, 140, 440 గ్రాములు. అందరూ వాడే తొమ్మిది గ్రాముల ఎస్‌జీ90 సర్వో టార్క్ 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలో-సెంటీమీటర్లని రాసి ఉంటుంది. అంటే ఆర్మ్‌లో సెంటీమీటరు దూరంలో ఉన్న రంధ్రం దగ్గర అది 1.8 కిలోల బలంతో తోయగలదు. అంత తోసే సర్వోకి 27 గ్రాములకే వంగే రాడ్ తగిలించి, సర్వో బలం చాలలేదని ఇంకో పెద్ద సర్వో కొంటారు.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, సన్న తీగనే ఉంచి మధ్యలో అక్కడక్కడా పట్టుకోవడం. రెండు, బరువు పెరగకుండా లావుగా ఉండే సరుకు వాడటం. కింద చెప్పే రకాలన్నీ ఈ రెండు దారుల్లోవే.

గొట్టంలో తీగ

మొదటి దారిలో అన్నిటికన్నా చవకైనది ఇదే. పియానో వైరని అమ్మే గట్టి స్టీల్ తీగ, దాని మీద ప్లాస్టిక్ స్లీవ్. గొట్టాన్ని ఫ్యూజ్‌లాజ్‌కి ప్రతి 6-8 సెం.మీ.కీ ఒకచోట అతికిస్తే, ఎంత పొడవు తీగైనా ఆ చిన్న ముక్కల వరకే వంగడానికి వీలుంటుంది. అంటే వంగదు. ఫోమ్ విమానాలన్నిటికీ ఇది సరిపోతుంది. స్లీవ్ దొరక్కపోతే ఖాళీ అయిన బాల్‌పెన్ రీఫిల్‌ని స్పిరిట్‌తో కడిగి వాడొచ్చు. చెవిలో పెట్టుకునే బడ్స్ పుల్లల్లో బోలుగా ఉండే రకాన్ని ముక్కలు చేసి అక్కడక్కడా కళ్లెంగా అతికించినా చాలు, మొత్తం పొడవునా గొట్టం ఉండనక్కర్లేదు.

ఈ పద్ధతిలో దొంగ ఎక్కడ దాక్కుంటాడంటే గొట్టం రెండు చివర్ల దగ్గర. సర్వో వైపు గొట్టం ముగిసిన చోటు నుంచి ఆర్మ్ దాకా తీగకి ఆధారం ఉండదు. అది 5 సెం.మీ. దాటకూడదు. తోక వైపు కూడా అంతే. ఈ మధ్య క్రోంపేటలో చదివే ఒక కుర్రాడు తన విమానం తెచ్చి, "అన్నా, ట్రిమ్ ప్రతి ఫ్లైట్‌కీ మారిపోతోంది, సర్వో గేర్ పోయినట్టుంది" అన్నాడు. ట్రిమ్ అంటే స్టిక్ వదిలేసినా విమానం తిన్నగా పోయేలా చేసుకునే సర్దుబాటు. ఎలివేటర్ పట్టుకుని స్టిక్ లాగితే తీగ కాదు, గొట్టమే తీగతోపాటు ముందుకీ వెనక్కీ జరుగుతోంది. చివర్లలో మాత్రమే జిగురు పెట్టాడు, అదీ మెరిసే నున్నటి ప్లాస్టిక్ మీద. అది ఊడిపోయి చాలా రోజులై ఉంటుంది. గొట్టాన్ని గరుకు కాగితంతో బాగా గీకి, నాలుగైదు చోట్ల హాట్ గ్లూ పెట్టి, పైన ఫైబర్ టేపు వేశాం. సర్వోకి ఏమీ కాలేదు. హాట్ గ్లూ కూడా మే నెలలో డిక్కీలో పెట్టి మూసేసిన కారులో మెత్తబడుతుంది, అందుకే టేపు.

గొట్టం లోపల నూనె వేయొద్దు. నేల మీద దిగే విమానంలోకి ఇసుక ఎలాగూ దూరుతుంది, నూనె దాన్ని పట్టి ఉంచుతుంది. పెన్సిల్ ముల్లు పొడి చాలు.

ఇవే చిన్న విమానాలకి ఇంకో చవక సరుకు ఉంది: కబాబులు గుచ్చే వెదురు పుల్లలు. 3 మి.మీ. లావు, 30 సెం.మీ. పొడవున్న మంచి వెదురు పుల్ల 600 గ్రాములకి అటూఇటూగా తోపుడు తట్టుకుంటుంది, అంటే 1.5 మి.మీ. స్టీల్ తీగతో సమానం. బరువు చూస్తే తీగ నాలుగు గ్రాముల పైన, పుల్ల గ్రామున్నర. కణుపు దగ్గర వంకర లేనిది ఏరుకోవాలి. చివర్లకి తీగ ముక్కలు పెట్టి దారం చుట్టి జిగురు పోయాలి. వెదురంటే నామోషీ పడేవాళ్లు కార్బన్ కొనుక్కోవచ్చు, ఎలివేటర్‌కి తేడా తెలియదు.

నైలాన్‌ని ఎలివేటర్‌కి ఎందుకు వద్దంటున్నానంటే

గొట్టంలో గొట్టం నడిచే నైలాన్ రాడ్లు బాగా వంపు తిరగగలవు, తుప్పు పట్టవు, బిగించడం సులువు. చల్లటి ఊళ్లలో ఎవరైనా వాడుకోవచ్చు. కానీ నైలాన్ మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.08 మి.మీ. సాగుతుంది. స్టీల్ 0.012 మి.మీ. మాత్రమే. కార్బన్ దాదాపు సాగదు.

చెన్నైలో వేసవి పొద్దున్న ఆరున్నరకి 28 డిగ్రీలున్నప్పుడు ఇంటి దగ్గర ట్రిమ్ సరిచేసుకున్నారనుకోండి. పదిన్నరకి ఎండలో నిలబెట్టిన విమానం లోపల 50 డిగ్రీల పైకి పోవడం పెద్ద విషయమేమీ కాదు. 25 డిగ్రీల తేడా అనుకున్నా, 60 సెం.మీ. నైలాన్ రాడ్ 1.2 మి.మీ. పెరుగుతుంది. హార్న్‌లో రంధ్రం హింజ్‌కి (ఎలివేటర్ తిరిగే కీలుకి) 12 మి.మీ. దూరంలో ఉంటే అది ఎలివేటర్ దగ్గర ఐదు డిగ్రీల పైమాట. చాలా ట్రైనర్లలో ఎలివేటర్ మొత్తం కదలికే ఒక్కో వైపు పన్నెండు పదిహేను డిగ్రీలుంటుంది. హార్న్ కింద ఉంటే రాడ్ పెరిగినకొద్దీ "అప్" పడుతుంది. విసిరిన మరుక్షణం ముక్కు పైకెత్తి స్టాల్ అయ్యే (లేపే బలం పోయి పడిపోయే) విమానాన్ని చూసి సీజీ (బరువు కేంద్రం) తప్పిందని ముక్కులో సీసం నింపుతారు. రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటే నైలాన్ గొట్టం ఒక లెక్కా? పైగా నైలాన్ గాలిలో తేమని కూడా పీల్చుకుని ఉబ్బుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న బెసెంట్ నగర్ గాలికి ఆ కొరత ఎలాగూ లేదు.

ఫోమ్ విమానాల్లో లెక్క కొంచెం వేరు. ఆ ఫోమ్ కూడా వేడికి నైలాన్‌కి దగ్గరగానే సాగుతుంది, కాబట్టి ఫ్యూజ్‌లాజ్, రాడ్ కలిసి పెరిగి తేడా కొంత తగ్గుతుంది. అక్కడ స్టీల్ తీగ, కార్బన్ వేసినా ట్రిమ్ కొంత మారడం సహజం. బాల్సా ఫ్యూజ్‌లాజ్ వేడికి అంతగా సాగదు కాబట్టి దానిలో నైలాన్ పెట్టినవాళ్లకే పూర్తి దెబ్బ.

బాల్సా కర్రా, కార్బన్ గొట్టమా

ఈ రెండూ రెండో దారి: లావుగా, తేలికగా. అసలు పోటీ వీటి మధ్యే.

4 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న కార్బన్ గొట్టం 60 సెం.మీ. ముక్క దాదాపు 5 గ్రాములు తూగుతుంది. మధ్యలో ఏ ఆధారమూ లేకుండా సుమారు రెండున్నర, మూడు కిలోల తోపుడు తట్టుకుంటుంది. 8 మి.మీ. చదరంగా కోసిన మామూలు బాల్సా కర్ర అదే పొడవున 6 గ్రాముల లోపు, అదీ ఇంచుమించు అంతే తట్టుకుంటుంది. ఈ లెక్క చెబితే చాలామంది నమ్మరు. బాల్సాకి గట్టిదనం తక్కువే, కానీ లావు దాన్ని కాపాడుతుంది. వీటితో పోలిస్తే అదే పొడవున్న 2 మి.మీ. స్టీల్ తీగ 15 గ్రాములు తూగి, 440 గ్రాములకే చేతులెత్తేస్తుంది.

మరి కార్బన్‌కి డబ్బులెందుకు పోయాలి? చోటు కోసం. 8 మి.మీ. కర్రలు రెండు పక్కపక్కనే నడవాలంటే ఫ్యూజ్‌లాజ్‌లో ఫార్మర్లకి (అడ్డ పలకలకి) పెద్ద కిటికీలు కోయాలి. తోక దగ్గర సన్నబడే విమానంలో అంత చోటుండదు, గోడలకి రాసుకుంటాయి. 4 మి.మీ. గొట్టానికి ఆ గొడవ లేదు. తేమ కూడా కార్బన్‌ని ఏమీ చేయదు. బాల్సా కర్ర వేస్తే సాండింగ్ సీలర్ గానీ పల్చటి డోప్ గానీ ఒక పూత వేయకపోతే నవంబరు వానల్లో మెత్తబడి వంకర తిరుగుతుంది. విశాలమైన పెట్టెలాంటి ఫ్యూజ్‌లాజ్ ఉన్న హై-వింగ్ (రెక్క పైన ఉండే) ట్రైనర్ అయితే నేను కర్రే వేస్తాను. సన్నటి ఫ్యూజ్‌లాజ్ అయితే కార్బన్.

కార్బన్ అన్న పేరు చూసి 2 మి.మీ. గట్టి కడ్డీ కొనేవాళ్లున్నారు. అది దండగ. అదే వ్యాసం ఉన్న స్టీల్ తీగకన్నా అది తేలిగ్గా వంగుతుంది: 60 సెం.మీ. దగ్గర 260 గ్రాములే. కార్బన్ గొప్పదనం గొట్టం రూపంలోనే కనిపిస్తుంది. ఇంకో సంగతి, కార్బన్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలని అడ్డుకుంటుంది. రిసీవర్ యాంటెన్నాని రాడ్ పక్కనే సాగదీసి టేపు వేయకండి, వీలైనంత దూరంగా, అడ్డంగా పెట్టండి.

బాల్సా కర్ర చివర తీగ బిగించడం ఇలా. చివరి నుంచి 25 మి.మీ. దూరంలో పక్క నుంచి సన్న రంధ్రం వేయండి. అక్కడి నుంచి చివరి దాకా తీగ సగం మునిగేంత గాడి గీయండి. తీగ చివర 5 మి.మీ. మేర లంబంగా వంచి ఆ రంధ్రంలో దింపి, మిగతాది గాడిలో పడుకోబెట్టండి. కుట్టుమిషన్ దారం దగ్గరదగ్గరగా చుట్టి, దారం తడిసేలా ఇన్‌స్టంట్ గ్లూ పోయండి. పైన హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేస్తే చూడ్డానికి బాగుంటుంది, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో మీటర్ల లెక్కన ఇస్తారు. దాని బదులు దారం మానేసి ఉత్త హీట్ ష్రింక్ మాత్రం వేయొద్దు. లాగినప్పుడు తీగని ఊడకుండా ఆపేది లంబంగా దిగిన ఆ చిన్న కొక్కెమే. జిగురు ఊడినా అది పట్టుకుని ఉంటుంది.

కార్బన్‌కి ఈ కొక్కెం ఉండదు, అంతా జిగురు మీదే ఆధారం, కాబట్టి ఓపిక కావాలి. గొట్టాన్ని కటింగ్ ప్లయర్‌తో కత్తిరిస్తే చీలిపోతుంది. కోసే చోట టేపు చుట్టి సన్న రంపంతో గానీ ఆకురాయితో గానీ తిప్పుతూ కోయాలి. ఆ నల్ల పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు: తడి గుడ్డ పెట్టి, మాస్కు వేసుకుని చేయండి. 3 మి.మీ. బోలులో 2 మి.మీ. తీగ వదులుగా ఉంటుంది, మధ్యలో నిలబడటానికి తీగ మీద కాస్త దారం చుట్టాలి. తీగ కనీసం 25 మి.మీ. లోపలికి పోవాలి. అంతమేరా గరుకు కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, నెమ్మదిగా గట్టిపడే అరల్డైట్ పూసి తిప్పుతూ దూర్చండి. ఐదు నిమిషాల రకం ఎండలో మెత్తబడుతుంది, నెమ్మది రకమే మంచిది. గొట్టం చివర బయట సెంటీమీటరు మేర దారం చుట్టి దానికీ అరల్డైట్ పూస్తే, తోపుడికి గొట్టం మూతి చీలదు. తీగ చుట్టూ జిగురు నిండుగా ఉండటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఉప్పు తేమలో కార్బన్‌ని నేరుగా తాకుతున్న స్టీల్ త్వరగా తుప్పు పడుతుంది, జిగురు పొర ఆ రెండింటినీ విడదీస్తుంది.

రెండు సరుకుల్లోనూ చివర బయటికొచ్చే తీగ పొట్టిగా, తిన్నగా ఉండాలి. గొట్టం ఎంత గట్టిదైనా, తోక దగ్గర బయటికి రావడానికి తీగలో వంపు పెడితే ఆ వంపు స్ప్రింగు పని చేస్తుంది. వంపు పెట్టడం కన్నా ఫ్యూజ్‌లాజ్‌లో బయటికొచ్చే రంధ్రాన్ని జరపడం మంచిది.

రాడ్ లేకుండా

సర్వోని తోకలోనే పెట్టేస్తే ఈ తలనొప్పే ఉండదు కదా అని అడుగుతారు. నిజమే, 8 సెం.మీ. తీగ ముక్కతో పని అయిపోతుంది, వదులు ఉండదు. కానీ సీజీ నుంచి తోక దూరం ముక్కు దూరానికి మూడు రెట్లుంటే, తోకలో 9 గ్రాముల సర్వోకి ముక్కులో 27 గ్రాములు అదనంగా కావాలి, పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు బరువు వేరే. ముక్కులో బరువైన ఇంజిన్ ఉన్న విమానానికి ఇది వరం. చిన్న ఎలక్ట్రిక్ విమానానికి కాదు.

ఇక కేబుల్. ఇక్కడ తోపుడన్నదే లేదు, రెండు తీగలూ వంతులవారీగా లాగుతాయి. మనుషులెక్కే విమానాల్లోనూ ఇదే పద్ధతి వాడతారు, సెస్నా 172 అనే చిన్న విమానంలో ఐలెరాన్లు, ఎలివేటర్, రడ్డర్ కేబుళ్ల మీదే నడుస్తాయి. బరువు అతి తక్కువ. రడ్డర్‌కి చాలా బాగుంటుంది. అయితే ఆర్మ్ మీద రెండు రంధ్రాల మధ్య దూరం, రడ్డర్ హార్న్ మీద రెండు రంధ్రాల మధ్య దూరం సమానంగా ఉండాలి, హార్న్ రంధ్రాలు హింజ్ గీతకి సరిగ్గా పక్కన రావాలి. లేకపోతే తిప్పినప్పుడు ఒక తీగ వదులై, ఇంకోటి బిగుసుకుని సర్వోని పీకుతుంది. వీణ తీగంత బిగించాలనుకోకండి. వదులు తెలియనంత బిగువు చాలు, అంతకు మించితే సర్వో బేరింగు అరుగుతుంది. సముద్రపు గాలికి ప్లాస్టిక్ పూత ఉన్న స్టెయిన్‌లెస్ కేబుల్ తీసుకోండి. కెవ్లార్ దారం తుప్పు పట్టదు గానీ, ఫ్యూజ్‌లాజ్‌లోంచి బయటికొచ్చే అంచు దగ్గర రాసుకుని తెగుతుంది. అక్కడ చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టాలి. ఎలివేటర్‌కి కేబుల్ నేను సలహా ఇవ్వను, ఒక తీగ తెగితే సగం కంట్రోల్ పోతుంది.

అసలు విమానాలు కూలేది చివర్ల దగ్గర

రాడ్ విరిగి కూలిన విమానం అరుదు. క్లెవిస్ (రాడ్ చివర హార్న్‌ని పట్టుకునే పట్టకారులాంటి కొక్కెం) ఊడి కూలినవి కావలసినన్ని.

రెండు చివర్లలో ఒకచోట జెడ్ బెండ్ పెట్టండి, సర్వో వైపు అయితే మంచిది. అది ఊడదు, వదులవదు, ఖరీదు లేదు. నోస్ ప్లయర్‌తో రెండు లంబ వంపులు, మధ్య దూరం ఆర్మ్ మందానికి వెంట్రుకవాసి ఎక్కువ. పియానో వైరుని ఒకసారి వంచితే వంచినట్టే ఉంచాలి. తప్పొచ్చిందని వెనక్కి వంచి మళ్లీ వంచితే అక్కడే విరుగుతుంది. వంచడం సులువవుతుందని కొవ్వొత్తి మీద కాల్చొద్దు, పదును పోయి మెత్తబడుతుంది. ఆర్మ్‌లో రంధ్రాన్ని తీగ సరిపోయేంత మాత్రమే పెద్దది చేయండి. 0.3 మి.మీ. వదులు చూడ్డానికి ఏమీ కాదు. 12 మి.మీ. హార్న్ దగ్గర అది డిగ్రీన్నర. అంత ఆడే ఎలివేటర్ వేగంలో ఫ్లట్టర్‌కి (గాలికి అదుపు లేకుండా దడదడలాడటానికి) తలుపు తీస్తుంది.

రెండో చివర సర్దుకునే వీలు కావాలి కాబట్టి అక్కడ క్లెవిస్. ఇక్కడ మన మార్కెట్‌లో ఒక చిక్కుంది. కొన్ని క్లెవిస్‌లు ఎం2 (2 మి.మీ.) మరకి, కొన్ని 2-56 అనే అంగుళాల కొలత మరకి చేసినవి. 2-56 కొంచెం లావు, 2.18 మి.మీ. దాకా ఉంటుంది. 2-56 క్లెవిస్‌ని ఎం2 కడ్డీ మీద తిప్పితే చక్కగా ఎక్కినట్టే ఉంటుంది. చేత్తో లాగితే జారి వచ్చేస్తుంది. కొన్నప్పుడే రెండూ జతగా తీసుకోండి. తొడిగాక ప్లయర్‌తో పట్టుకుని గట్టిగా లాగి చూడండి. కనీసం 5 మి.మీ. మేర మర ఎక్కాలి. మరున్న తీగ దొరక్కపోతే సైకిల్ షాపులో చువ్వ అడగండి. 2 మి.మీ. చువ్వ చివర మర సాధారణంగా అంగుళానికి 56 చుట్లే ఉంటుంది, 2-56 క్లెవిస్ బాగా పట్టుకుంటుంది. అదీ ఒకసారి లాగి చూసే వాడండి. క్లెవిస్ మీద చిన్న సిలికాన్ గొట్టం ముక్క తొడిగితే నోరు తెరుచుకోదు.

లింకేజ్ స్టాపర్ అని ఇత్తడి గుండు, పక్కన చిన్న స్క్రూ ఉండేది చాలా కిట్లలో వస్తుంది. సర్దడం ఎంత సులువో జారడం అంత సులువు. చిన్న ఫోమ్ విమానంలో ఫరవాలేదు, అదీ తీగ మీద ఆకురాయితో చదును గీసి స్క్రూ ఆ చదును మీద బిగిస్తేనే. బాల్సా ట్రైనర్ ఎలివేటర్‌కి నేను వాడను, ఎవరైనా వాడి తెస్తే విప్పించేస్తాను. చిన్న గుండు మీద తిరిగే బాల్ లింక్ ఖరీదెక్కువ, వదులు అసలుండదు. రాడ్ వంకరగా రాక తప్పని చోట తప్ప ట్రైనర్‌కి అక్కర్లేదు.

ఇంకో ఉచిత మెరుగుదల ఉంది. సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రం, హార్న్‌లో బయటి రంధ్రం వాడండి. సర్వో పూర్తి కదలికతో సర్ఫేస్ (ఎలివేటర్ లాంటి కదిలే పలక) కొంచెమే తిరుగుతుంది, బలం పెరుగుతుంది, ఉన్న వదులు కూడా సర్ఫేస్ దగ్గర తక్కువగా కనిపిస్తుంది. ఆర్మ్‌లో బయటి రంధ్రం వాడి, కదలిక ఎక్కువైందని రేడియోలో 50 శాతానికి తగ్గించుకునేవాళ్లు సర్వో బలంలో సగం పారబోసుకుంటున్నట్టే. సర్వో నడిమధ్యన ఉన్నప్పుడు ఆర్మ్ రాడ్‌కి లంబంగా ఉండాలి. లేకపోతే అప్ ఎక్కువ, డౌన్ తక్కువ వస్తుంది.

తీగ గురించి చివరి మాట: పియానో వైరు స్టెయిన్‌లెస్ కాదు. సముద్రం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఒక వానాకాలం చాలు, తీగ ఎర్రబడి గొట్టంలో పట్టేస్తుంది. తొడిగే ముందు మైనం రాసి తుడవండి. తుప్పు గొడవే వద్దనుకుంటే వెల్డింగ్ సామాన్ల షాపులో 1.6, 2 మి.మీ. స్టెయిన్‌లెస్ టిగ్ ఫిల్లర్ రాడ్లు మీటరు పొడవువి దొరుకుతాయి. పియానో వైరుకన్నా మెత్తన, సులువుగా వంగుతాయి, వంగినవి వంగినట్టే ఉండిపోతాయి. కాబట్టి పొట్టి ఐలెరాన్ రాడ్లకి, గొట్టం చివరి ముక్కలకి బాగుంటాయి, పొడుగు వాటికి వద్దు. ఏది వేసినా ఎండలో గంటసేపు నిలబెట్టాక ఎలివేటర్ నడిమధ్యన ఉందో లేదో ఇంకోసారి చూసి, వేళ్లతో పట్టుకుని స్టిక్ లాగి, అప్పుడు ప్రొపెల్లర్ బిగించండి.